ఎర్రమంజిల్: ఒక కచేరీ కట్టడం, దాని రక్షణ

హైదరాబాదు నగరంలో ఖైరతాబాదు నుంచి పంజగుట్టకు పోయే దారి పక్కన, ఎత్తైన దిబ్బ మీద నిలిచి ఉన్న పాత భవనాన్ని తెలుగువారు ఎర్రమంజిల్ అంటారు. 2018లో ఆ దారిన మెట్రో రైలు నడవడం మొదలైన తరువాత ఆ పేరు స్టేషను పలక మీదికి కూడ ఎక్కింది. పేరు విన్న తెలుగువానికి అందులో ఎరుపు కనిపిస్తుంది. పేరు పెట్టినవాని ఊహలో ఉన్నది స్వర్గం. ‘ఇరమ్’ అనే శబ్దం అరబ్బీ, పారశీక సంప్రదాయాలలో ప్రసిద్ధమైనది. ఖురానులో స్తంభాలతో విలసిల్లిన ఇరమ్ ప్రస్తావన ఉన్నది. షద్దాదు అనే రాజు స్వర్గానికి పోటీగా ఒక వనాన్ని నిర్మింపజేశాడనీ, తాను అందులో అడుగిడకముందే అది నశించిపోయిందనీ తరువాతి కథలు చెప్పుతాయి. పారశీక కవులు మాత్రం ఈ వినాశకథను అంతగా పట్టించుకోలేదు. వారికి ఇరమ్ అంటే భూలోక నందనం. ఇరానులోని షీరాజు నగరంలో ఆ పేరుతోనే ఒక తోట నేటికీ ప్రసిద్ధం.

ఇక్కడి దిబ్బకు ఎర్రని నేలను బట్టి తెలుగులో ముందే ఎర్రగడ్డ అనే వాడుక ఉన్నదనీ, ఆ శబ్దానికి ధ్వనిలో దగ్గరగా ఉండే పారశీక నామాన్ని నవాబు ఏరి తన మేడకు పెట్టుకొన్నాడనీ అనుశ్రుతి. లోకనిరుక్తులను పండితులు సాధారణంగా తేలికగా కొట్టివేస్తారు. ఈ నిరుక్తిని అలా కొట్టివేయడం తగదు. ఇకారం ఎకారంగా మారడం, ఏకరేఫం ద్విరుక్తం కావడం జనుల నోట జరిగిన పని. అయితే ఆ మార్పుకు చోటిచ్చే విధంగానే పేరు ఎన్నిక జరిగిందని అనుశ్రుతి తాత్పర్యం. ఒక పేరు ఏకకాలంలో ఇద్దరికి రెండు భాషలలో అర్థవంతం కావడం దక్కను సంస్కృతికి సహజమైన లక్షణమే. ఇక ‘మంజిల్’ తెలుగువారికి పరాయిది కాదు. దిగడం అనే అర్థం గల అరబ్బీ ధాతువు నుంచి పుట్టి, ప్రయాణికుడు దిగి విశ్రమించే తావు అనే అర్థంతో ఆ శబ్దం మన భాషలోకి ‘మజిలీ’గా వచ్చింది. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు చదివినవారందరూ ఈ మాటను ఎరిగినవారే.

నామచర్చ ఇంత విస్తరించడానికి కారణం ఉన్నది. ఈ భవనం గురించి పత్రికలలో వచ్చిన రచనలలో అధికభాగం పేరుతో ప్రారంభమై నవాబు వైభవంతో ముగుస్తాయి. నవాబు తరువాత ఆ మేడలో జరిగినదేమిటి అనే ప్రశ్న ఎవరికీ తోచినట్లు లేదు. తరువాత అది ప్రభుత్వ కార్యాలయం. కార్యాలయానికి చరిత్ర ఏముంటుంది అనే ఉదాసీనతే దానిని కూల్చవచ్చునన్న ఆలోచనకు తలుపు తీసింది.

వైభవం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నవాబు సఫ్దర్ జంగ్ ముషీరుద్దౌలా ఫక్రుల్ ముల్క్ నిజాం సంస్థానంలోని ప్రముఖ కులీనులలో ఒకరు. భవనం 1870 ప్రాంతపు నిర్మాణమని సాధారణంగా చెప్పుతారు. నూటయాభైకి పైగా గదులు, ఐరోపా బరోక్ ఫక్కీని దక్కను పనితనంతో మేళవించిన ముఖభాగం, గచ్చుతో మలచిన లతలు, తోరణాలు, చుట్టూ పోలో మైదానం, తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం ఇత్యాదులు వర్ణనలలో తప్పక కనిపిస్తాయి. విదేశీ బల్లలు, కుర్చీల జాబితా మరికొంత పొడవు. అంతకంటె గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఇదే నవాబుకు చెందిన అసద్ బాగ్ అనే మరొక ప్రాసాదం నిజాం కళాశాలకు ఆవాసమైంది. ఒక మేడ విద్యాలయమైంది, ఒక మేడ కచేరీ అయింది. నగరంలోని కులీనుల కట్టడాలలో నిలిచినవి చాలవరకు ఇలా ఏదో ఒక ప్రజోపయోగంలోకి వచ్చినవే. నిరుపయోగంగా, వారసుల వివాదాల నడుమ మిగిలినవి నేలమట్టమై అంగడి సముదాయాలైనవి. కనుక కార్యాలయం కావడం ఎర్రమంజిల్‌కు పతనమని కొందరు వాపోవడం సరికాదు. అది ఈనాటి వరకు నిలవడానికి కారణమే అది.

ప్రభుత్వాధీనమైన తరువాత ఈ మేడ మొదట దస్తావేజులు భద్రపరిచే కొట్టుగా ఉపయోగపడింది. అనంతరం ప్రజాపనుల శాఖకు అప్పగించారు. రహదారులు, భవనాల శాఖ, నీటిపారుదల శాఖ ఇంజనీర్ల కార్యాలయాలు ఆ ఆవరణలో చిరకాలం నడిచాయి. ఈ వాక్యాలు పత్రికలలో ఇంత క్లుప్తంగానే ఉంటాయి, చదువరి సులభంగా దాటిపోతాడు. నిలిచి ఆలోచిస్తే ఇందులో చాలా విషయమున్నది. రాష్ట్రంలోని రోడ్ల, వంతెనల, ప్రభుత్వ భవనాల, కాలువల పటాలూ, అంచనాలూ, మంజూరు పత్రాలూ చేతులు మారిన తావులలో ఇది ఒకటి. ఒక గ్రామానికి వంతెన కావాలని వచ్చిన అర్జీ ఏ బల్ల మీద ఆగింది, ఏ బల్ల మీద కదిలింది అనేది ఆ గ్రామ చరిత్రలో భాగం. నవాబు విందులకు వచ్చినవారి సంఖ్య వేలలో ఉండవచ్చు. బిల్లుల కోసం, బదిలీల కోసం, టెండర్ల కోసం ఆ మెట్లెక్కినవారి సంఖ్యను అంచనా వేయడం కష్టం. వారిలో తెలుగు మాత్రమే వచ్చినవారు, ఉర్దూ మాత్రమే వచ్చినవారు, ఏ లిపీ రానివారు ఉన్నారు. భవనపు మెట్ల అరుగుదలలో వీరి పాలు పెద్దది.

‘కచేరీ’ అనే మాట స్వభావమే విచిత్రమైనది. హిందుస్తానీ నుంచి వచ్చి తెలంగాణ పల్లెలలో ‘కచ్చీరు’గా స్థిరపడింది. కోస్తా జిల్లాలలో కలెక్టరు కచేరీ, తాలూకా కచేరీ అయింది. సంగీతసభకు కూడ తెలుగులో అదే పేరు. జనులు కూడి, ఒకరు వినిపించగా ఒకరు వినే చోటు అనే సామాన్యార్థం రెండింటికీ సరిపోతుంది. పాటకచేరీలో వినిపించేవాడు వేదిక మీద, వినేవాడు కింద ఉంటారు. సర్కారు కచేరీలో ఈ క్రమం తలక్రిందులు.

మన శాస్త్ర వాఙ్మయానికి ఈ విషయం కొత్తది కాదు. కౌటిలీయార్థశాస్త్రం రెండవ అధికరణంలోని ఏడవ అధ్యాయం అక్షపటలానికి, అనగా గణనపత్రాలు, నిబంధపుస్తకాలు ఉండే రాజకీయ కార్యాలయానికి సంబంధించినది. ఆ భవనం తూర్పుకో ఉత్తరానికో ముఖం కలిగి ఉండాలనీ, ఉద్యోగులకు విడివిడిగా ఆసనస్థానాలు, పుస్తకాలకు ప్రత్యేక స్థానం ఏర్పరచాలనీ కౌటిల్యుడు మొట్టమొదట చెప్పి, తరువాతనే అందులో ఏయే విషయాలు లిఖితం కావాలో వివరిస్తాడు. దేశ, గ్రామ, జాతి, కుల, సంఘాల ధర్మవ్యవహారాలు కూడ అక్కడ నమోదు కావాలని ఆయన మతం. ముందు గృహం, తరువాత గ్రంథం. ఈ క్రమం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. ఆ అర్థశాస్త్రమే ప్రాచ్య గ్రంథాలయమనే ఒక సర్కారు భవనంలో భద్రంగా ఉండడం వల్ల లోకానికి దక్కిన గ్రంథమనే విషయం ప్రాచ్య కళాశాలలవారికి గుర్తు చేయనక్కర లేదు. మైసూరుకు చేరిన తాళపత్రప్రతి ఆధారంగా ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లో ప్రకటించారు.

ఇక 2019 నాటి ఘటనలు. ఆ సంవత్సరం జూన్ 18న తెలంగాణ మంత్రివర్గం నూతన సచివాలయ, శాసనసభా భవనాల నిర్మాణానికి తీర్మానించింది. సచివాలయం పాత ఆవరణలోనే, శాసనసభ ఎర్రమంజిల్ ఆవరణలో అని నిర్ణయం. జూన్ 27న రెండు చోట్లా నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు భూమిపూజ చేశారు. ఎర్రమంజిల్‌లో కొత్త కట్టడం లేవాలంటే పాతది పోవాలి. నవాబు వారసులు, వాస్తుశిల్పులు, చారిత్రక కట్టడాల రక్షణను కోరే పౌరులు ఉన్నత న్యాయస్థానంలో వ్యాజ్యాలు వేశారు.

ప్రభుత్వ వాదాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. ఉన్న శాసనసభా భవనం అవసరాలకు చాలదు. ఎర్రమంజిల్ శిథిలమైనది. అది ప్రభుత్వ ఆస్తి. 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం కింది రక్షిత జాబితాలో లేదు. ఎక్కడ ఏమి కట్టాలన్నది విధాన నిర్ణయం, న్యాయస్థానానికి అందులో పని లేదు. ఇవి మాటవరసకు చెప్పిన మాటలు కావు. వీటిలో శాసనసభ ఇరుకు గురించిన వాదానికి బలమున్నది. ఆ భవనం శాసనసభ కోసం పుట్టినదే కాదు. ఆరవ నిజాం కాలంలో, 1905లో ప్రారంభమై 1913లో పూర్తయిన టౌన్‌హాలు అది. ఒక పనికి పుట్టిన కట్టడం మరొక పనికి దశాబ్దాల పాటు సరిపోవడమే విశేషం. అయితే ఈ మాట ఎర్రమంజిల్‌కు అనుకూలంగా కూడ పనిచేస్తుందని వాదించినవారు గమనించినట్లు లేదు. టౌన్‌హాలు శాసనసభకు సర్దుకోగలిగినప్పుడు, మేడ మరొక ప్రయోజనానికి ఎందుకు సర్దుకోలేదు?

వివాదంలో అసలు చిక్కు ఒక నిబంధన చుట్టూ తిరిగింది. 1981 నాటి హైదరాబాదు పట్టణాభివృద్ధి మండలాల నిబంధనలలోని 13వ నిబంధన, చారిత్రక కట్టడాలను జాబితాగా కూర్చి, ముందస్తు అనుమతి లేనిదే వాటిని కూల్చరాదని శాసించింది. ఎర్రమంజిల్ ఆ జాబితాలోనిది. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. నిబంధన పోయినప్పుడు రక్షణ పోయినట్లే కదా అని ఒక పక్షం. నిబంధన ఇచ్చిన రక్షణ నిబంధనతో పాటు అంతరించదని రెండవ పక్షం.

వ్యాకరణం చదివినవారికి ఈ వివాదం పరిచితమైనదిగా తోస్తుంది. ప్రత్యయం లోపించినప్పటికీ ఆ ప్రత్యయం నిమిత్తంగా కలిగే కార్యం జరుగుతుందని పాణిని అష్టాధ్యాయి ప్రథమపాదంలోనే విధించాడు. వెంటనే తరువాతి సూత్రంలో, లుక్ మొదలైన కొన్ని ప్రత్యేక శబ్దాలతో లోపం విధించిన చోట అంగానికి ఆ కార్యం కలగదని నిషేధించాడు కూడ. అనగా లోపమన్నది ఒకే విధమైనది కాదు. దేనిని ఏ మాటతో, ఏ ఉద్దేశంతో తొలగించారో చూడకుండా ఫలితం చెప్పడానికి వీలులేదు. తొలగించినవాడు తనకు అనుకూలమైన లోపాన్ని ఊహించుకొంటే సరిపోదు. న్యాయస్థానపు తర్కం పాణినీయం నుంచి వచ్చినదని ఎవరూ అనరు. శాసనభాష ఏ యుగంలోనైనా ఈ ప్రశ్నను తప్పించుకోలేదని చెప్పడానికే ఈ పోలిక.

2019 సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్, న్యాయమూర్తి షమీమ్ అక్తర్‌లతో కూడిన ధర్మాసనం మంత్రివర్గ తీర్మానాన్ని రద్దు చేసింది. చారిత్రక కట్టడంగా ఎర్రమంజిల్‌కు ఉన్న రక్షణను పరిగణించకుండా, చట్టం కోరిన విధానాన్ని పాటించకుండా తీసుకొన్న నిర్ణయం నిలువదని తీర్పు సారాంశం. విధాన నిర్ణయమైనంత మాత్రాన చట్టానికి అతీతం కాదన్నది అందులోని ముఖ్యాంశం. భవనం నిలిచింది.

అదే దినాన భూమిపూజ జరిగిన రెండవ స్థలం కథ వేరు. సచివాలయ ఆవరణలో జి బ్లాకు అనే పేరుతో ఉన్నది సైఫాబాదు ప్రాసాదం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో 1888 నాటి నిర్మాణం. నిజాం చూడడానికి వస్తుండగా దారికి అడ్డంగా ఉడుము పోయిందనీ, అపశకునమని ఆయన దానికి తాళం వేయించాడనీ జనశ్రుతి. రాజు వదిలిన ఇల్లు తరువాత రాజ్యకార్యాలకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత పలువురు ముఖ్యమంత్రులు అక్కడ కూర్చొని సంతకాలు చేశారు. సచివాలయం కూల్చివేతను ఆపాలన్న వ్యాజ్యాలను ఉన్నత న్యాయస్థానం 2020 జూన్‌లో త్రోసిపుచ్చింది. జులైలో తక్కిన బ్లాకులతో పాటు జి బ్లాకు కూడ నేలమట్టమైంది. కొత్త సచివాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టి 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. కొత్త భవనం అవసరమా అనవసరమా అనేది వేరు చర్చ. కార్యాలయపు గదులు విశాలం కావడాన్ని, నిప్పు నుంచి రక్షణ ఉండడాన్ని ఎవరూ ఆక్షేపించరు. ఆవరణలో ఒక మూల ఉన్న ఆ ఒక్క బ్లాకును మిగిల్చి తక్కిన చోట నిర్మాణం చేయడం అసాధ్యం కాదు. అలా జరగకపోవడానికి కారణం వెతికితే మళ్ళీ మొదటి మాట దగ్గరకే రావలసి వస్తుంది. జి బ్లాకు అని పిలిచినంతకాలం అది ఒక అక్షరం. సైఫాబాదు ప్రాసాదమని గుర్తు పెట్టుకొన్నవారు స్వల్పం. ఎర్రమంజిల్‌కు కనీసం పేరు మిగిలింది. జి బ్లాకుకు అదీ లేదు.

ఈ సందర్భంలో ఒక ఆక్షేపణ తరచు వినిపిస్తుంది. నవాబుల విలాసమందిరాలు రైతుల కష్టంతో లేచినవి, వాటిని ప్రజాధనంతో నిలపడం ఎందుకు అని. తెలంగాణ గ్రామాల చరిత్ర తెలిసినవారు ఈ మాటను తేలికగా తీసివేయలేరు. కానీ ఈ తర్కం చివరిదాకా నడిస్తే కోటలు, దేవాలయాలు, చెరువు కట్టలు ఏవీ మిగలవు. వాటిలోనూ వెట్టి ఉన్నది. పైగా, కష్టించినవారి పేరు ఎక్కడా లేనప్పుడు వారి చేతిపని ఒక్కటే వారికి సాక్ష్యం. ఎర్రమంజిల్ గచ్చు లతలు నవాబు చెక్కినవి కావు. డంగులో సున్నం నూరినవాడు, తాపీ పట్టినవాడు, అచ్చు పోసినవాడు అక్కడ ఉన్నారు. భవనాన్ని కూల్చితే పోయేది నవాబు జ్ఞాపకమూ కాదు, అది పుస్తకాలలో పదిలంగానే ఉన్నది. పోయేది వీరి పని.

శిథిలమైనదన్న వాదం మరింత జాగ్రత్తగా చూడవలసినది. ఎందుకు శిథిలమైంది? రాష్ట్రంలోని ప్రభుత్వ భవనాలన్నింటినీ సంరక్షించే బాధ్యత గల శాఖ నడిచిన ఆవరణ ఇది. దీపం కింద చీకటి అనే సామెత ఇంతకంటె చక్కగా అన్వయించే చోటు అరుదు. అయినప్పటికీ ఉద్యోగులను నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. వారికి శిక్షణ సిమెంటు, ఉక్కు, కాంక్రీటు పనులలో ఇచ్చారు. సున్నపు కట్టడానికి స్వభావం వేరు. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకొని మళ్ళీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, లవణాలు పైకి తన్ని, గచ్చు పెచ్చులుగా ఊడిపోతుంది. పెచ్చు ఊడిన చోట మరింత సిమెంటు పూస్తారు. మరమ్మతు అనుకొన్నదే రోగమవుతుంది. పైకప్పు మీద నీరు నిలిచే మూలలో రావిమొక్క మొలిస్తే దానిని వేరుతో సహా తీయాలి. కొమ్మ నరికితే వేరు బలిసి గోడను చీల్చుతుంది. కరెంటు తీగల కోసం తొలిచిన కన్నాలు, బీరువాల కోసం చెక్కపలకలతో అడ్డగించిన వరండాలు, మరుగుదొడ్డి గొట్టాల కారుడు, ఇవన్నీ పాత కచేరీలన్నింటిలో కనిపించే లక్షణాలే. ఒక్కొక్కటి చిన్నది, ఏడాదికి ఏడాది కలిసి పెద్దది.

ఈ విషయంలో శిల్పశాస్త్రాలను ఆశ్రయించేవారు కొంత జాగ్రత్త వహించాలి. మయమతంలో జీర్ణోద్ధారానికి ప్రత్యేకాధ్యాయం ఉన్నది. ఆగమాలలోనూ ఆ ప్రకరణం విస్తృతం. కొత్తది కట్టించినవానికంటె జీర్ణమైన దానిని ఉద్ధరించినవానికి ఫలం అధికమనే భావన సంప్రదాయంలో ప్రసిద్ధం. అయితే ఆ విధులన్నీ ప్రధానంగా దేవాలయపరమైనవి. అక్కడ నిలపవలసినది దేవతాసాన్నిధ్యం. అందుకు అవసరమైతే పాత రూపాన్ని విడిచి కొత్త బింబాన్ని ప్రతిష్ఠించడానికీ శాస్త్రం ఒప్పుకొంటుంది. ఈ విధులను ఎత్తి చూపి మన పూర్వులు నేటి అర్థంలో చారిత్రక రక్షకులని వాదించడం అతిశయోక్తి. కానీ వాటిలో ఒక సూక్ష్మమైన వివేచన ఉన్నది. దేనిని బాగు చేయవచ్చు, దేనిని చేయరాదు అనే నిర్ణయం ముందు లక్షణపరీక్షతో మొదలవుతుంది. ప్రధానాంగాల స్వరూపం ఇంకా తెలుస్తున్నదా, ఉద్ధరణకు ఏ ద్రవ్యం తగినది అని చూసిన తరువాతనే పని. 2019లో ఎర్రమంజిల్ విషయంలో లోపించినది ఈ పరీక్షే. శిథిలమన్న మాట ముందు వచ్చింది.

కార్యాలయంలో దేవతాస్థానీయమైనది ఏది అని ఎవరైనా అడిగితే, జరిగిన కార్యమూ, దాని లిఖితసాక్ష్యమూ అని చెప్పవలసి ఉంటుంది. ఈ రెండవ దానిలో ప్రాచ్యభాషా పండితులకు నేరుగా పని ఉన్నది. నిజాం సంస్థానంలో 1880ల వరకు పారశీకం, తరువాత ఉర్దూ అధికారభాషలు. ప్రజాపనులకు సంబంధించిన ఉత్తర్వులు, కొలతలు, చెల్లింపులు ఆ భాషలలో ఉన్నవి. హైదరాబాదులోని తార్నాకలో ఉన్న రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలుల కాలం నుంచి ఆసఫ్‌జాహీల కాలం వరకు గల పత్రరాశి సుప్రసిద్ధం. దీనిని చదవగల తెలుగు పరిశోధకుల సంఖ్య ప్రతి దశాబ్దానికి తగ్గుతున్నది. ప్రాచ్య కళాశాలలలో సంస్కృతం, తెలుగు చదివినవారు ఒక ఏడాది శ్రమించి షికస్తా లిపిని నేర్చుకొంటే, కట్టడాల చరిత్రకు ఇంజనీర్లు చేయలేని సేవ చేయగలరు. కైఫియత్తులలోని పారశీక పదజాలంతో పెనుగులాడినవారికి ఇది మరీ దుర్గమం కాదు. ‘మరమ్మతు’, ‘అంచనా’, ‘మంజూరు’, ‘జమా’, ‘ఖర్చు’ అనే మాటలు తెలుగు ఇంజనీరు నోట నేటికీ ఆడుతూనే ఉన్నవి. ఆ మాటలున్న కాగితాలు మాత్రం ఆయన చదవలేడు.

నిలుపుకోవడం సాధ్యమే అని చూపడానికి దూరం పోనక్కర లేదు. కోఠీలోని రెసిడెన్సీ భవనం బ్రిటిషు ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, 1803 తరువాత లేచినది. అదీ ఒక విధమైన సర్కారు కచేరీయే, పైగా పరప్రభుత్వపు కచేరీ. 1949 నుంచి మహిళా కళాశాలకు నిలయమైంది. కళాశాల ఆవరణలో విద్య నిరాటంకంగా సాగుతున్నా, ప్రధాన భవనం క్రమంగా ప్రమాదకరమై మూతపడింది. 2000 తరువాత అంతర్జాతీయ సంస్థల దృష్టి దాని మీద పడి, అనేక సంవత్సరాల శ్రమతో 2023 నాటికి పునరుద్ధరణ పూర్తయింది. కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయం. దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంటు కట్టించిన స్తంభాల నడుమ భూమి కోసం దొరను ఎదిరించిన స్త్రీ పేరు నిలవడం ఆ భవనానికి చరిత్ర ఇచ్చిన చిత్రమైన కొసమెరుపు. కూల్చి ఉంటే ఈ అర్థమే పుట్టేది కాదు.

అయితే రెసిడెన్సీ ఉదాహరణకు ఒక హద్దు ఉన్నది. అక్కడ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ప్రణయకథ దేశవిదేశాల పాఠకులను ఆకర్షించింది. అటువంటి కథ లేని కచేరీలు జిల్లాకు పది ఉన్నవి. తాలూకా కార్యాలయాలు, మునసబు కోర్టులు, విశ్రాంతి గృహాలు, కాలువల పర్యవేక్షకుల బంగళాలు. వాటికి వారసులు లేరు, వ్యాజ్యం వేసేవారు లేరు, గోల్ఫు మైదానం లేదు. కొత్త మండల కార్యాలయ సముదాయం మంజూరైన రోజున వాటి ఆయువు తీరుతుంది. ఎర్రమంజిల్ తీర్పు జాబితాకెక్కిన కట్టడానికి సంబంధించినది. జాబితాకెక్కని వాటికి దాని నీడ చాలదు. కనుక ప్రతి జిల్లాలోని కళాశాల తన పరిసరాలలోని పాత కచేరీల కొలతలు, ఛాయాచిత్రాలు, గోడ మీది శిలాఫలకాల పాఠం, వాటి గురించి పదవీవిరమణ చేసిన ఉద్యోగులు చెప్పే సంగతులు ఒక చోట కూర్చడం అవసరం. శాసనాల ప్రతులు తీసే శ్రద్ధతోనే ఈ ఫలకాలను కూడ ఎత్తి రాయవచ్చు. ప్రారంభోత్సవ ఫలకం శాసనం కాదనే చిన్నచూపు విడవడం మంచిది. కాకతీయుల దానశాసనం కూడ తన కాలంలో ఒక సర్కారు ప్రకటనే.

ఉపయోగం గురించి కూడ స్పష్టత కావాలి. పాత కచేరీ అనగానే ప్రదర్శనశాల చేద్దామనే సూచన వస్తుంది. ప్రదర్శనకు పెట్టదగిన వస్తువులు, చూసేవారు, నడిపే నిధులు ఎన్ని చోట్ల ఉన్నవి? తాళం వేసిన ప్రదర్శనశాల కంటె తలుపు తెరిచిన కచేరీ మేలు. ఎర్రమంజిల్ గదులకు సరిపడే పనులు ప్రభుత్వం వద్దనే ఉన్నవి. ఇంజనీరింగు శాఖల పాత పటాలు, కొలతపుస్తకాలు, వంతెనల, ఆనకట్టల నమూనా చిత్రాలు ఒక అభిలేఖాగారంగా అక్కడే కూర్చి, పరిశోధకులకు చదివే గదులు ఇవ్వవచ్చు. దస్తావేజుల కొట్టుగా మొదలైన కచేరీకి అది స్వభావసిద్ధమైన పునరుపయోగం. సున్నపు పనిలో తాపీవారికి, యువ ఇంజనీర్లకు శిక్షణ ఇవ్వడానికి అంతకంటె మంచి పాఠశాల కూడ దొరకదు. మరమ్మతు కావలసిన గోడలు చుట్టూ ఉన్నవి.

ఎర్రమంజిల్‌ను కాపాడిన తీర్పు వెలువడినది మూసీ ఒడ్డున ఉన్న ఉన్నత న్యాయస్థాన భవనం నుంచి. ఎర్ర ఇసుకరాతితో 1919 నాటికి లేచిన ఆ కట్టడమూ నగరానికి చిహ్నమైనదే. రాజేంద్రనగర్‌లో కొత్త న్యాయస్థాన సముదాయానికి 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. న్యాయమూర్తులు, న్యాయవాదులు, దస్త్రాలు అక్కడికి తరలిన నాడు మూసీ ఒడ్డు భవనపు గదులు ఖాళీ అవుతాయి. అవి దేనికి, ఎవరి చేతికి, ఏ నిధులతో అనే నిర్ణయం తరలింపుకు ముందే, కాగితం మీద, అందరికీ తెలిసేలా జరగాలి. తాళం వేసిన తరువాత మొదటి వానాకాలంలోనే కప్పు కారడం మొదలవుతుంది.